కెమెరాకు చినుకు చిక్కిన కథ

వానను బొమ్మ గీసినంత సులువుగా ఫొటో తీయలేరు. 1857లో జపాన్ చిత్రకారుడు హిరోషిగే ఎడో నగరంలోని ఒక వంతెన మీద విరుచుకుపడిన జడివానను చెక్క అచ్చుల చిత్రంగా తెచ్చాడు. ఎడో అంటే నేటి టోక్యో. ఆ చిత్రంలో వాన అంటే సన్నని నల్లటి గీతలు. పైనుంచి కిందికి, కాస్త ఏటవాలుగా, లెక్కలేనన్ని. వంతెన మీద గొడుగుల కింద తలలు దూర్చి పరుగులు తీసే జనం. అది వానేనని ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ కాలంలో అదే వంతెన ముందు కెమెరా నిలబెడితే ప్లేటు మీద వంతెన పడేది, వాన పడేది కాదు. పరుగెత్తే జనం మసక మరకలుగా మిగిలేవారు.

దీనికి కారణం ఎక్స్‌పోజర్ సమయం. 1838లో తొలితరం ఫొటోగ్రాఫర్ డాగెర్ పారిస్ వీధిని తీసినప్పుడు ప్లేటు నిమిషాల తరబడి వెలుగు తాగాల్సి వచ్చింది. కిటకిటలాడే ఆ వీధిలో బళ్లూ మనుషులూ అందరూ మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక మనిషి ఆకారమే దక్కింది. మనుషుల గతే అలా ఉంటే చినుకు సంగతి చెప్పేదేముంది? 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు దాదాపు ఆరున్నర మీటర్ల వేగంతో దిగుతుంది. ఏ ఒక్క చోటునైనా అది దాటడానికి పట్టేది సెకనులో సుమారు మూడువేలవ వంతు. అంత కొద్దిసేపు తగిలిన వెలుగు నాటి ప్లేటుకు లెక్కలోకే రాదు.

1851లో ఆర్చర్ ప్రవేశపెట్టిన తడి ప్లేటు పద్ధతి ఎక్స్‌పోజర్‌ను కొన్ని సెకన్లకు దించింది గానీ వానాకాలంలో ఫొటోగ్రాఫర్ పనిని తేలిక చేయలేదు. గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, అది ఆరిపోయేలోగా ఫొటో తీసి, ఆరిపోయేలోగానే కడగాలి. ఊరి బయట తీయాలంటే చీకటి గుడారాన్నీ, రసాయనాల సీసాలనూ, గాజు పలకల పెట్టెలనూ మోసుకుపోవాలి. అసలు చిక్కు తరవాత ఉంది. ఆనాటి ఆల్బుమెన్ కాగితం మీద ప్రింటు దిగాలంటే నెగెటివ్‌నూ కాగితాన్నీ చట్రంలో బిగించి ఎండలో పెట్టాలి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ప్రింట్లు ఆగిపోవాల్సిందే. వడియాలు పెట్టేవారికీ ఫొటో స్టూడియోవారికీ ఆకాశం మీద ఒకే రకమైన బెంగ.

భారతదేశంలో 19వ శతాబ్దపు ఫొటోలు ఎక్కువగా ఎండలో మెరిసే కోటలు, గుళ్లు, దర్బారులు కావడానికి ఇదొక కారణం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) చిత్రాల్లో హైదరాబాద్ రాజ్యం అణువణువూ కనిపిస్తుంది. అక్కడి వాన మాత్రం దాదాపు కనిపించదు. ఆయన పోయిన మూడేళ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ నది పొంగి హైదరాబాద్ నగరాన్ని ముంచింది. ఆ ఉపద్రవం తాలూకు ఫొటోలు చాలా మిగిలాయి. తెగిన వంతెనలు, కూలిన ఇళ్లు, బురద మేట వేసిన వీధులు వాటిలో ఉన్నాయి. అంటే వాన చేసిన పని ఉంది, వాన లేదు. ఆకాశం తెరిపి ఇచ్చాకే కెమెరా బయటికి వచ్చింది.

మొదట వాననే వెతుక్కుంటూ వీధిలోకి వెళ్లినవారిలో న్యూయార్క్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ ముఖ్యుడు. 1880 నాటికి ఫ్యాక్టరీల్లో తయారైన పొడి ప్లేట్లు అంగళ్లలో దొరుకుతున్నాయి, ఆ తరవాత చేతిలో పట్టుకుని తీసే కెమెరాలు వచ్చాయి. 1893 ఫిబ్రవరిలో ఆయన మంచు తుపానులో ఫిఫ్త్ అవెన్యూ మీద మూడు గంటలు నిలబడి, ఎదురుగా వస్తున్న గుర్రపు బండిని తీశాడు. ఆ తరవాత తడి వీధులను పట్టుకున్నాడు. 1897లో తీసిన ఒక రాత్రి చిత్రంలో నేల మొత్తం అద్దమైంది. దీపాలు పైన కొన్ని, కింద అన్ని. వానను నేరుగా చూపలేనప్పుడు అది తడిపిన నేలను చూపవచ్చునన్న కిటుకు ఫొటోగ్రఫీకి అక్కడ బాగా అలవాటైంది. నేటికీ దీన్ని మించిన సలహా లేదు. వాన వెలిశాక రోడ్డు ఆరకముందు, దీపాలు వెలిగే వేళ, కెమెరాను మోకాలి ఎత్తుకు దించితే మామూలు బస్టాండు కూడా వేరే ఊరిలా కనిపిస్తుంది.

వీధి ఫొటోగ్రాఫర్లు ఇలా చుట్టుదారి పడితే, చినుకును నేరుగా పట్టినవారు భౌతికశాస్త్రవేత్తలు. ఇంగ్లండులో ఆర్థర్ వర్తింగ్‌టన్ 1870లలోనే బొట్టు పడి చిట్లే తీరును చూడటం మొదలుపెట్టాడు. చీకటి గదిలో బొట్టును జారవిడిచి, అది పళ్లేన్ని తాకిన క్షణాన విద్యుత్ మెరుపు వెలిగించేవాడు. మెరుపు ఆరిపోయాక కంట్లో మిగిలిన బొమ్మను కాగితం మీద గీసేవాడు. తరవాతి బొట్టుకు మెరుపును రవ్వంత ఆలస్యం చేసేవాడు. ఇలా వందల బొట్లతో ఒక బొట్టు కథ అల్లాడు. ఆ గీతల్లో చిట్లిన నీరు అన్ని వైపులా సమానంగా, తీర్చిదిద్దిన ముగ్గులా ఉండేది. 1894 ప్రాంతంలో చురుకైన ప్లేట్లు దొరికి అదే మెరుపుతో ఫొటోలు తీశాక తేలింది: ఏ బొట్టూ అంత పొందికగా చిట్లదు. ఒకవైపు కొమ్ము పొడవు, మరోవైపు పొట్టి, ఒకచోట అంచు చిరిగి ఉంటుంది. ఇరవై ఏళ్లపాటు తన కన్ను చూసినదాన్ని తన మనసు సరిదిద్దుతూ వచ్చిందని వర్తింగ్‌టన్ ఒప్పుకున్నాడు. 1908లో ఆ ఫొటోలు పుస్తకంగా వచ్చాయి. తన గీతలను తానే తప్పని ఫొటోలతో రుజువు చేసుకున్నవారు శాస్త్రంలో ఎక్కువమంది ఉండరు.

అదే కాలంలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, జెరికో అనే పల్లెలో విల్సన్ బెంట్లీ అనే రైతు ఉండేవాడు. 1885 జనవరి 15న సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి మంచు పలుకును ఫొటో తీశాడు. జీవితకాలంలో అయిదు వేలకు పైగా తీశాడు. అతనికి పేరు తెచ్చినవి ఆ మంచు పలుకులే. చినుకులతో అతను చేసిన పని అంతకన్నా ముచ్చటైనది. చినుకు ఎంత పెద్దదో కొలవాలి, కెమెరాకు అందదు. అందుకని అంగుళం లోతున్న పళ్లెంలో మెత్తటి పిండి వదులుగా నింపి, వానలో కొన్ని సెకన్లపాటు పట్టుకుని వెనక్కి తీసుకునేవాడు. పడిన ప్రతి చినుకూ పిండిలో ఒక చిన్న ఉండ అయ్యేది. ఉండలు ఆరాక ఏరి కొలిచేవాడు. తెలిసిన సైజు బొట్లను పిండిలో వేసి, ఉండకూ బొట్టుకూ సంబంధం ముందే సరిచూసుకున్నాడు. 1898 నుంచి ఇలా చేసిన 344 కొలతలను 1904లో వాతావరణ శాస్త్ర పత్రికలో ప్రచురించాడు. అతను చూసిన అతి పెద్ద చినుకు పావు అంగుళం. ఇల్లాలి పిండి డబ్బాతో చేయగల ఈ ప్రయోగాన్ని వానను ఫొటో తీయాలనుకునేవారు ఒకసారి చేసి చూస్తే, ఏ రకం వానలో ఏది కనిపిస్తుందో చేత్తో తెలుస్తుంది.

తెలుగులో ఈ రకాలకు పేర్లు ముందే ఉన్నాయి. తుంపర అంటే అర మిల్లీమీటరుకు లోపు బొట్లు. అవి తేలుతున్నట్టు దిగుతాయి, ఫొటోలో చినుకులుగా కనిపించవు, దూరపు కొండనూ చెట్లనూ మసక చేస్తాయి. ముసురులో చూపవలసింది ఆ మసకనే: దగ్గర చెట్టు నల్లగా, దాని వెనకది బూడిదగా, ఆపైది లేనట్టుగా. జడివానలోనూ వేసవి చివరి గాలివానలోనూ బొట్లు పెద్దవి. వాటికే గీతలుగా పడే సత్తా ఉంది. బొట్టు బొమ్మల్లో గీసినట్టు తోకతో ఉండదని కూడా ఫొటోలే తేల్చాయి. చిన్న చినుకు గుండ్రంగా ఉంటుంది. పెద్దది గాలి ఒత్తిడికి అడుగు చదునై ఇడ్లీలా దిగుతుంది.

ఇక షట్టర్ సంగతి. 1925లో అమ్మకానికి వచ్చిన లైకా కెమెరాలో షట్టర్ వేగం 1/20 నుంచి 1/500 సెకను దాకా ఉండేది. 1932లో కాంటాక్స్ కెమెరా 1/1000 తెచ్చింది. వానను ఎలా చూపాలో ఎంచుకునే అవకాశం మామూలు ఫొటోగ్రాఫర్‌కు అప్పుడు దొరికింది. ఆరున్నర మీటర్ల వేగంతో దిగే చినుకు 1/20లో 32 సెంటీమీటర్లు, 1/60లో 11, 1/125లో 5 సెంటీమీటర్ల గీత గీస్తుంది. 1/500లో అది ఒకటింపావు సెంటీమీటరు మాత్రమే. 1/1000లో కూడా చినుకు నిలవదు, ఆరున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. కంటికి వాన గీతలుగా కనిపిస్తుంది కాబట్టి 1/60, 1/125 వేగాల్లో తీసినదే చూసేవారికి వానలా తోస్తుంది. ఇంకా నెమ్మదిస్తే గీతలు పలచబడి కరిగిపోతాయి. వేగం మరీ పెంచితే వాన తెల్లటి దుమ్ములా ఉంటుంది. 1857లో హిరోషిగే చెక్క మీద గీయించిన గీతలకు కెమెరా చేరడానికి దాదాపు డెబ్భై ఏళ్లు పట్టింది.

చినుకును నిజంగా నిలబెట్టాలంటే షట్టర్ చాలదు, మెరుపు కావాలి. అమెరికాలో ఎంఐటీకి చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930లలో వర్తింగ్‌టన్ మెరుపును ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌గా మలిచాడు. నీటి బదులు పాలు వాడాడు. తెల్లగా, చిక్కగా ఉండటంతో ఆకారం తేటగా పడుతుంది. పాలబొట్టు చిట్లి కిరీటంలా లేచిన ఆయన చిత్రం 1937లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ప్రదర్శనలోకి ఎక్కింది. రంగుల్లో అందరికీ తెలిసిన చిత్రం 1957 నాటిది. రెండు చిత్రాలకూ మధ్య ఇరవై ఏళ్లు. కిరీటం పూర్తిగా గుండ్రంగా రావాలని అన్నేళ్లూ తీస్తూనే ఉన్నాడు, సరిగ్గా రాలేదన్న అసంతృప్తి ఆయనకు మిగిలే ఉంది. అయితే ఫ్లాష్‌ను ఆరుబయట వానలో వాడినవారికి ఎదురైంది వేరు: కెమెరా పక్కనుంచే వెలిగితే దగ్గరి చినుకులు మాత్రం తెల్లటి బిళ్లలుగా మెరిసి అసలు దృశ్యాన్ని కప్పేస్తాయి.

దీనికి మందు ఎదురు వెలుగు. చినుకు గాజుగోళం లాంటిది. వెనకనుంచి వచ్చిన వెలుగును వంచి కెమెరా వైపు పంపుతుంది. అందుకే వానను చూపాలంటే వెలుగు ఎదురుగా లేదా పక్కగా, వెనక నేపథ్యం చీకటిగా ఉండాలి. పెంకుటింటి చూరు కింది నీడ, చింతతోపు, తెరిచిన తలుపు వెనక వంటింటి చీకటి ఏవైనా సరిపోతాయి. తెల్లటి ఆకాశం ముందు ఎంత జోరు వానైనా మాయమే. సినిమావాళ్లకు ఇది వృత్తి విద్య. ‘ఆత్మబలం’ (1964) వానపాట మొదలుకొని తెలుగు తెర మీద కురిసిన వానలు చాలావరకు గొట్టాల్లోంచి కురిసినవే; వెనకనుంచి దీపాలు వేయకపోతే ఆ నీళ్లు కూడా ప్రేక్షకుడికి కనిపించవు.

దగ్గరినుంచి తీయడానికి మరో చరిత్ర ఉంది. జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ శిల్పవిద్య చెప్పే మాస్టారు. విద్యార్థులకు నమూనాలుగా చూపడానికి మొగ్గలనూ తీగలనూ తన కెమెరాతో ముప్ఫై రెట్ల దాకా పెద్దవి చేసి తీశాడు. సాదా నేపథ్యం, పక్కకు మళ్లని చూపు, ఒక్కటే వస్తువు. ఆ చిత్రాలు 1928లో పుస్తకంగా వచ్చి ఆయన్ను అరవయ్యేళ్లు దాటాక పేరుమోసిన ఫొటోగ్రాఫర్‌ను చేశాయి. 1930లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ వెస్టన్ ఒక క్యాప్సికమ్ కాయను రేకు గరాటాలో పెట్టి తీశాడు. గరాటా గోడలు వెలుగును కాయ చుట్టూ తిప్పాయి, నేపథ్యం చీకటిలో కలిసిపోయింది. వంటింట్లో దొరికే సామానుతో ఇంతకన్నా మంచి లైటింగ్ పాఠం దొరకదు.

ఈ పనులు పెద్ద స్టాండు కెమెరాలతో జరిగాయి. చిన్న కెమెరాల్లో చూసే కిటికీ ఒకచోట, లెన్సు మరోచోట ఉండేవి. జానెడు దూరంలో పువ్వును చట్రంలో నడుమ పెడితే ఫొటోలో పక్కకు జరిగిపోయేది. లెన్సులోంచే చూసే రిఫ్లెక్స్ కెమెరాలు 1936లో ఎక్సాక్టాతో 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు వచ్చాక ఆ తిప్పలు తగ్గాయి. 1955లో కిల్‌ఫిట్ సంస్థ మాక్రో-కిలార్ లెన్సు తెచ్చింది. అనంత దూరంనుంచి అంగుళాల దూరం దాకా అదనపు గొట్టాలు లేకుండా ఫోకస్ అవుతుంది. మరుసటి ఏడాది నికాన్ తెచ్చిన మైక్రో-నిక్కోర్ వెనక కథ పువ్వులది కాదు: జపాన్ లిపిలోని ఇరుకైన అక్షరాలు మైక్రోఫిల్ములో చదవగలిగేంత స్పష్టంగా పడాలన్న అవసరం దాన్ని పుట్టించింది. గుమస్తాల కోసం చేసిన లెన్సు తూనీగల వెంట పడేవారి చేతికి వచ్చింది.

దగ్గరయ్యేకొద్దీ లెన్సు ఒక పన్ను వసూలు చేస్తుంది. వస్తువు ఫిల్ము మీద అసలు సైజులో పడితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. స్పష్టంగా ఉండే లోతు మరీ దారుణం: లెన్సు ద్వారాన్ని ఎఫ్ 11కు చిన్నది చేసినా ఒకటింపావు మిల్లీమీటరు, అంటే ఇంచుమించు ఆవగింజ మందం. అందువల్ల చట్రం కుదర్చడమంటే ఏది స్పష్టంగా ఉండాలో ముందు తేల్చుకోవడమే. కెమెరా వెనక తలాన్ని ఆకు తలానికి సమాంతరంగా పెడితే ఆ ఆవగింజంత లోతులోనే ఆకంతా పడుతుంది. పురుగైతే కన్ను, పువ్వయితే కేసరం, బొట్టయితే దానిలో తలకిందులుగా కనిపించే దృశ్యం. ఆ దృశ్యం బొట్టు ఉపరితలం మీద ఉండదు, కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఫోకస్‌ను వెంట్రుకవాసి జరపాలి. గాలి లేచాక ఏ లెన్సూ ఆదుకోదు, తెల్లవారుజామే నయం.

తామరాకు మీద నీటిబొట్టు తెలుగువారికి సామెత. ఫొటోగ్రాఫర్‌కు అది సిద్ధంగా ఉన్న నమూనా. ఆకు మీది కంటికి కనపడని గరుకు బొడిపెలూ వాటి మీది మైనపు పూతా నీటిని అంటనివ్వవు. బొట్టుకూ ఆకుకూ నడుమ చిక్కిన గాలి పొర వెలుగును తిప్పికొట్టడంతో బొట్టు అడుగు వెండిలా మెరుస్తుంది. చేమాకు మీదా అంతే, పైగా అది పెరట్లోనే దొరుకుతుంది. కెమెరాను ఆకు ఎత్తుకు దించి పక్కనుంచి చూస్తే ఆ వెండి కనిపిస్తుంది; పైనుంచి తీస్తే బొట్టు పచ్చటి చుక్క.

వాననూ దగ్గరితనాన్నీ ఒకే చట్రంలో కలిపినవాడు ప్రాగ్ నగరపు యోసెఫ్ సుదెక్. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి పోయింది. 1940లో, నాజీల ఏలుబడిలో కెమెరాతో వీధిలో తిరగడం ప్రమాదమైన రోజుల్లో, తన స్టూడియో కిటికీని తీయడం మొదలుపెట్టి 1954 దాకా అదే తీశాడు. అద్దం మీద పట్టిన ఆవిరి, దాని మీదినుంచి జారిన చుక్కలు, అవతల వంకర చెట్టు నీడలా. వాన బయట, కెమెరా లోపల, ఫోకస్ అద్దం మీద. తడవకుండా వానను తీయాలనుకునే ప్రతివారికీ ఈ చిత్రాలే గురువులు. 1950లలో న్యూయార్క్‌లో సాల్ లైటర్ అదే పనిని రంగుల్లో, కేఫ్ అద్దాల వెనకనుంచి చేశాడు.

రంగుల వానకు ప్రపంచంలో పెద్ద వేదిక భారతదేశమే అయింది. న్యూజిలాండ్‌కు చెందిన బ్రయన్ బ్రేక్ 1960లో రుతుపవనాల వెంట దేశం తిరిగి తీసిన చిత్రకథ 1961 సెప్టెంబరులో ‘లైఫ్’ పత్రికలో వచ్చింది. అందులో అన్నిటికన్నా పేరు పొందినది దగ్గరినుంచి తీసిన ఒక ముఖం: కళ్లు మూసుకుని, తొలకరికి ముఖం ఎత్తిన అమ్మాయి, చెంపల మీద చినుకులు. ఆ అమ్మాయి తరవాత దర్శకురాలైన అపర్ణా సేన్. కలకత్తాలో ఒక డాబా మీద తీశారనీ, చినుకులు మొక్కలకు నీళ్లు పోసే డబ్బాలోంచి పడ్డాయనీ ఆమే ఆ తరవాత చెప్పారు. మోసమనాలా? ముఖం మీద చినుకులు విడివిడిగా నిలవాలంటే అసలు వానతో అయ్యే పని కాదు. ఆ మాటకొస్తే చిత్రం బాగుంది. కానీ దాన్ని వార్తా పత్రికలో రుతుపవనంగా చూపినప్పుడు పాఠకుడికి డబ్బా సంగతి చెప్పి ఉండాల్సింది.

పక్కనే మరో చిత్రం పెట్టి చూడాలి. 1967లో బీహార్‌లోని ముంగేరులో రఘుబీర్ సింగ్ తీసినది: హోరుగాలి వానలో ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ ఆడవాళ్లు, ఒంటికి అతుక్కున్న చీరలు. వాళ్లు కెమెరా కోసం తడవలేదు. 1983లో స్టీవ్ మెకరీ గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో గొంతు లోతు వరదనీటిలో కుట్టుమిషన్‌ను భుజాన మోస్తున్న దర్జీని తీశాడు. ఆ ఏడాది అతను రుతుపవనాల వెంట తిరిగిన చిత్రాలు 1984 డిసెంబరు ‘నేషనల్ జియోగ్రాఫిక్’లో వచ్చాయి. ఆ ఫొటోలో ఎక్కడా చినుకు లేదు. మిషన్ పట్టుకున్న చేయి, నీటి పైన తల ఉన్నాయి. వాన ఎంత పడిందో అవే చెబుతున్నాయి.

కెమెరాను తడవనివ్వకూడదన్న నియమం 1960లో కాలిప్సో అనే నీటిలో మునిగినా పనిచేసే కెమెరాతో సడలింది. 1963నుంచి అదే నికానోస్ పేరుతో అమ్ముడైంది. ఖరీదు భరించలేనివారికి ప్లాస్టిక్ సంచీ, రబ్బరు బ్యాండు, లెన్సు హుడ్ ఎప్పుడూ ఉన్నాయి. వాన కన్నా ఎక్కువ చెరుపు చేసేది ఆ తరవాతి చెమ్మ. కోస్తా ఊళ్లలో వానాకాలం లెన్సును తోలుసంచీలో పెట్టి మూసేస్తే అద్దాల మధ్య బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. దానికి తోలు మంచి ఆహారం, సంచీ మంచి ఇల్లు. తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచాలి. నెలకోసారి లెన్సుకు కాస్త వెలుగు చూపించాలి.

ఇప్పుడు ఎక్కువమంది చేతిలో ఉన్నది ఫోన్. 2013 తరవాత వచ్చిన వాటిలో చాలావాటికి చినుకు భయం లేదు, 2021 నాటికి రెండు సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ చేసేవి వచ్చాయి. బెంట్లీ పళ్లెంలోని పిండి ఉండను ఫోన్ పెద్దది చేసి చూపగలదు. అయితే తడిసిన తెర చినుకును వేలనుకుని తనకు తోచినది నొక్కేస్తుంది. అప్పుడు తెరను వదిలేసి పక్కనున్న వాల్యూం బటన్ నొక్కితే చాలా ఫోన్లలో ఫొటో పడుతుంది.